బ్రష్షు, సబ్బు, రెండంచుల బ్లేడు: బెంగళూరులో మొదలుపెట్టే ముందు

కార్ట్రిడ్జ్ రేజర్ (తల మాత్రమే మార్చుకునే ఇప్పటి రేజర్), డబ్బా ఫోమ్ వదిలేసి తాతల నాటి పద్ధతిలో, అంటే బ్రష్షు, సబ్బు, రెండంచుల బ్లేడు పెట్టే సేఫ్టీ రేజర్‌తో గడ్డం గీసుకోవాలనుకోవడం మంచి నిర్ణయమే. ఖర్చు తగ్గుతుంది, ప్లాస్టిక్ చెత్త తగ్గుతుంది, చేయి కుదిరాక చర్మానికీ హాయిగా ఉంటుంది. కానీ ఆ చేయి కుదిరేలోపు గడిచే మొదటి నెల కొంచెం ప్రమాదమే. మెడంతా కందిపోయి, దవడ కింద గాట్లు పడి, కొత్త రేజర్‌ని అటక మీద పడేసేవాళ్లు తక్కువేమీ కాదు. బ్రష్షు, సబ్బు, రేజర్, బ్లేడు అన్నీ ఒకే రోజు మార్చేస్తే ఇలాగే అవుతుంది. ఏది తేడా చేసిందో తెలియదు కాబట్టి ఏది సరిచేసుకోవాలో కూడా తెలియదు.

అందుకని సేఫ్టీ రేజర్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు బ్రష్షు, సబ్బు కొనుక్కుని, చేతిలో ఉన్న పాత కార్ట్రిడ్జ్ రేజర్‌తోనే రెండు మూడు వారాలు గీసుకోండి. నురగ చేయడం చేతికి వచ్చాకే బ్లేడు. ఈ వరుస ఒక్కటి పాటిస్తే సగం గాట్లు తప్పించుకున్నట్టే. పెళ్లికో, ఇంటర్వ్యూకో వారం ముందు మాత్రం ఏదీ కొత్తగా మొదలుపెట్టొద్దు.

బెంగళూరులో నురగ కంటే ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి. కావేరి నీళ్లు వచ్చే ఇళ్లలో పెద్దగా ఇబ్బంది ఉండదు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు పీజీల్లో, అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు ఎక్కువ. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ మొదలయ్యాక కూడా ట్యాంకర్ల మీదే నడిచే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెల్లటి తెట్టుగా మారతాయి. సబ్బులో చాలా భాగం ఆ తెట్టుకే పోతుంది. మిగిలిన నురగ పలచగా వచ్చి, ఒక చెంప గీసేలోపే రెండో చెంప మీద ఆరిపోతుంది. ఆరిన నురగ మీద బ్లేడు నడిపితే మంట ఖాయం. చాలామంది తమ చర్మం సున్నితమనో, సబ్బు మంచిది కాదనో అనుకుంటారు కానీ తప్పు నీళ్లది.

తెలుసుకోవడం తేలికే. రెండు ఖాళీ సీసాలు తీసుకుని ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో ఆర్‌ఓ నీళ్లు సగం దాకా పోసి, రెండింట్లోనూ ఒకే పరిమాణంలో చిన్న సబ్బు తురుము వేసి గట్టిగా ఊపండి. కుళాయి నీళ్ల సీసాలో నురగ చప్పున కూలిపోయి, నీళ్లు తెల్లగా మసకబారితే, ఇకనుంచి నురగకు అర గ్లాసు ఆర్‌ఓ నీళ్లు గోరువెచ్చగా చేసి పెట్టుకోండి. ముఖం కడుక్కోవడానికి, రేజర్ కడగడానికి కుళాయి నీళ్లు చాలు. ఆర్‌ఓ లేని పీజీలో ఉంటే సబ్బు ఎక్కువసేపు రుద్దండి, లేదా ట్యూబులో వచ్చే షేవింగ్ క్రీమ్ వాడండి. గీజరు నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ముఖానికి పోసుకోకండి. చర్మం ముందే ఎర్రబడి ఉంటే బ్లేడు ఇంకా ఎక్కువ గుచ్చుతుంది.

బ్రష్షుల్లో సింథటిక్ వాటితో మొదలుపెట్టమనే నా సలహా. నానబెట్టక్కర్లేదు, త్వరగా ఆరుతాయి, వాసన ఉండదు. పంది వెంట్రుకల బ్రష్షు చవక, కానీ మెత్తబడటానికి కొన్ని వారాలు పడుతుంది, వాడే ముందు ప్రతిసారీ కాసేపు నానాలి. ఏ బ్రష్షైనా తడిగా డబ్బాలో పెట్టి మూత వేయొద్దు. కిటికీ లేని పీజీ బాత్రూమ్‌లో జూన్ నుంచి అక్టోబరు దాకా ఏదీ సరిగా ఆరదు, బూజు పడుతుంది. బాగా కడిగి, విదిలించి, గదిలో గాలి తగిలేచోట పెట్టండి. ఊళ్లో పెట్టెలో దొరికిన తాతగారి రేజర్‌ని గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, వేడినీళ్లలో కడిగి వాడుకోవచ్చు. ఆయన బ్రష్షు మాత్రం జ్ఞాపకంగా దాచుకోండి, ముఖానికి వద్దు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల షేవింగ్ బ్రష్షుల వల్ల సైనికులకు ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు సోకింది. ఇప్పటి బ్రష్షులకు ఆ భయం లేదు కానీ, ఎప్పటిదో తెలియని వెంట్రుకల బ్రష్షుతో పనేముంది? శాకాహారులు సబ్బు కొనేటప్పుడు అట్ట మీద టాలో అనే మాట ఉందేమో చూసుకోండి. అది జంతువుల కొవ్వు.

నురగ గిలకొట్టిన పెరుగులా చిక్కగా, మెరుస్తూ ఉండాలి. పెద్ద పెద్ద బుడగలు కనిపిస్తే నీళ్లు ఎక్కువైనట్టు, బ్రష్షు ముఖం మీద పట్టేస్తే తక్కువైనట్టు. గీసిన చోట మళ్లీ గీయాలంటే మళ్లీ నురగ రాయాల్సిందే.

ఇక రేజర్. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందిన సేఫ్టీ రేజర్ వంశమే ఇది. ఇప్పుడు ఏ కంపెనీ రెండంచుల బ్లేడైనా దాదాపు ఏ రెండంచుల సేఫ్టీ రేజర్‌లోనైనా పడుతుంది. కానీ అన్నింటి పదునూ ఒకటి కాదు. జపాన్ ఫెదర్ బ్లేడ్లు చాలా పదును, మొదటి నెలలో వాటిని ముట్టుకోవద్దు. వంద బ్లేళ్ల ప్యాకెట్టు ఒకేసారి కొనేయకుండా, నాలుగైదు రకాలు ఒక్కో చిన్న ప్యాకెట్టు తెచ్చుకుని చూడండి. రేజర్ కూడా మైల్డ్ అని పేరున్నదే తీసుకోండి. బ్లేడుని పొట్టి అంచుల దగ్గర పట్టుకుని బిగించాలి. బిగించాక రెండు వైపులా బ్లేడు సమానంగా బయటికి కనిపిస్తోందో లేదో వెలుతురులో చూడండి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తే విప్పి మళ్లీ బిగించాలి. చాలా గాట్లు ఇక్కడే మొదలవుతాయి.

కార్ట్రిడ్జ్ మనకు నేర్పిన చెడ్డ అలవాటు ఒత్తడం. దాని తల కదులుతుంది కాబట్టి ఎంత ఒత్తినా సర్దుకుంటుంది. సేఫ్టీ రేజర్ తల కదలదు, సర్దుకునే పని మీ మణికట్టుదే. పిడి చివర వేళ్లతో తేలిగ్గా పట్టుకుని, రేజర్ బరువుకే వదిలేయండి. కోణం కోసం రేజర్ తలను చెంపకు బల్లపరుపుగా ఆనించి, బ్లేడు వెంట్రుకను తాకే దాకా పిడిని మెల్లగా దించండి. దాదాపు 30 డిగ్రీల దగ్గర ఆగుతుంది. చిన్న చిన్న గీతలే గీయండి, ఒక్కోటి బొటనవేలి వెడల్పు మించక్కర్లేదు. రేజర్‌ని ఎప్పుడూ పక్కకు జరపొద్దు, అలా జరిపితే అది కత్తే.

మొదలుపెట్టే ముందు రెండు రోజులు గడ్డం పెరగనిచ్చి, వేళ్లతో అన్ని వైపులకూ నిమిరి చూడండి. ఎటు నిమిరితే నున్నగా ఉందో అదే వాలు. చెంపల మీద కిందికే ఉంటుంది కానీ, మెడ మీద చాలామందికి పక్కకో పైకో ఉంటుంది. చుబుకం కింద ఒక వైపు ఒకలా, ఇంకో వైపు ఇంకోలా ఉండటమూ మామూలే. మొదటి నెలంతా వాలుకే గీయండి. కాస్త గరుకుగా మిగిలిపోయినా పర్వాలేదు. అలవాటయ్యాక వాలుకు అడ్డంగా రెండోసారి గీసుకోవచ్చు. ఎదురుకు గీయడం అందరికీ పడదు. ఉంగరాల జుట్టు వాళ్లకు, గీసిన రెండో రోజు వెంట్రుకలు లోపలికి వంకర తిరిగి పొక్కులు వచ్చేవాళ్లకు అసలే వద్దు. అయ్యప్ప మాల తీశాక మండలం పాటు పెరిగిన గడ్డాన్ని నేరుగా ఈ రేజర్‌తో దించాలని చూడకండి, ముందు ట్రిమ్మర్ పెట్టండి. గుండు గీసుకోవడం మాట కూడా ఇప్పుడే ఎత్తొద్దు.

సోమవారం పొద్దున ఆఫీసు హడావుడిలో మొదటి ప్రయోగం చేయకండి. బైకు మీద అవుటర్ రింగ్ రోడ్డు దుమ్ములో వెళ్లేవాళ్లకైతే, అప్పుడే గీసిన మెడ మీద హెల్మెట్ పట్టీ రాసుకుంటూనే ఉంటుంది, సిల్క్ బోర్డు దాటేసరికి మంట మొదలవుతుంది. రాత్రి పడుకునే ముందు గీసుకుంటే చర్మానికి తేరుకునే సమయం దొరుకుతుంది. గీశాక చల్లటి నీళ్లు, తడిపిన పటిక రుద్ది అర నిమిషం ఆగి కడిగేయడం, ఆ పైన మాయిశ్చరైజర్. స్పిరిట్ కలిసిన లోషన్లు డిసెంబరు, జనవరి పొడి చలిలో చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు ఎత్తకుండా నొక్కి పట్టండి. అయినా రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, గాయం మానాక మచ్చ ఉబ్బే శరీరతత్వం ఉన్నవాళ్లు, ముఖం మీద చీము మొటిమలు ఉన్నవాళ్లు ముందు చర్మ వైద్యుణ్ణి అడగండి. రూమ్మేట్ ఎంత దగ్గరివాడైనా రేజర్ ఇవ్వొద్దు, తీసుకోవద్దు. కంటికి కనిపించని రక్తంతో కూడా హెపటైటిస్ బి, సి సోకగలవు. విమానంలో ఊరికి వెళ్లేటప్పుడు బ్లేళ్లు చేతిసంచిలో పెట్టుకోకండి, సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు. చెకిన్ సామానులో పెట్టండి.

వాడేసిన బ్లేడు సంగతి దీన్నంతటినీ మించింది. ఒక బ్లేడు నాలుగైదు సార్లు వస్తుంది, ఆ తర్వాత కూడా అది మనిషి చెయ్యి కోసేంత పదునుగానే ఉంటుంది. ఈ నగరంలో మన చెత్తను చేతులతో విడదీసేది పౌరకార్మికులు. వాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలే ఎన్నో. కాగితంలో చుట్టి తడి చెత్తలోనో పొడి చెత్తలోనో వేసిన బ్లేడు వాళ్ల వేళ్లలో దిగుతుంది, ఆ గాయంతో వాళ్లు రోజంతా అదే చెత్తలో పని చేయాలి. మందమైన రేకు డబ్బా ఒకటి తీసుకుని మూతకు సన్నటి చీలిక పెట్టించండి. బ్లేళ్లన్నీ అందులోకే. చిన్న డబ్బా అయినా నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను టేపుతో మూసి, పైన 'బ్లేళ్లు' అని కన్నడంలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, చెత్త తీసుకెళ్లే వాళ్ల చేతికే విడిగా ఇచ్చి లోపల ఏముందో చెప్పండి.