సంచిలో పచ్చబూజా? విత్తనాన్ని తిట్టే ముందు గడ్డి చూడండి

వరిగడ్డి నింపి ఆయిస్టర్ పుట్టగొడుగుల సంచి కట్టిన ఆరేడు రోజులకు లోపల పచ్చటి మచ్చ కనిపిస్తే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ముందు వచ్చే మాట "విత్తనం మంచిది కాదు" అని. విత్తనమంటే గింజల మీద పెంచిన పుట్టగొడుగు దారం. ఆ మాట ఒక్కోసారి నిజమే, ఎక్కువసార్లు కాదు. విత్తనం మార్చి, అదే గడ్డితో ఇంకో ఇరవై సంచులు కట్టి, మళ్ళీ బూజే తెచ్చుకుని, చివరికి సంఘంలో ఆడవాళ్ళంతా "ఇది మనకు అచ్చిరాదు" అని పాక ఖాళీ చేసేస్తున్నారు. గడ్డి సొంత పొలానిది, పని ఇంటి దగ్గరిది. ఇంత చక్కటి ఆదాయాన్ని రెండు నిమిషాల పరీక్ష చేయక పోగొట్టుకోవద్దు.

గడ్డి నరకడం, నానబెట్టడం, పొరలుగా విత్తనం వేయడం తెలిసినవాళ్ళ కోసం రాస్తున్నది ఇది.

ముందు పిడికిలి పరీక్ష

ఉడికించి నీడన ఆరబెట్టిన గడ్డి గుప్పెడు తీసి బలంగా పిండండి. చుక్క రాలకూడదు, అరచేతికి చెమ్మ మాత్రం అంటాలి. చుక్క రాలిందంటే ఇంకా ఆరాలి. ఇది అందరికీ నేర్పుతారు, అందరికీ తెలుసు, పొద్దుపోతోందని సగంమంది చేయరు. మిషను కోసిన గడ్డి నలిగి ఉంటుంది కాబట్టి చేత్తో కోసి నూర్చిన గడ్డికంటే ఎక్కువ నీరు పీలుస్తుంది. పాత లెక్కన రెండు గంటలు ఆరబోశాం కదా అనుకుంటే కుదరదు, ప్రతిసారీ పిండి చూడాల్సిందే.

మచ్చ ఎక్కడ మొదలైంది?

సంచిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చుట్టూ తిప్పి చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మచ్చ అడుగున మొదలై, అక్కడ గడ్డి గోధుమరంగుకు తిరిగి పుల్లటి వాసన వస్తుంటే అది నీరు ఎక్కువై వచ్చిన కుళ్ళు. కింద రెండు చిన్న రంధ్రాలు పెట్టండి, తర్వాతి విడతలో గడ్డి ఇంకా ఆరనివ్వండి.

మూతి దగ్గర, రంధ్రాల చుట్టూ ఉంటే చేతులు, ఈగలు, సంచి కట్టిన చోటు కారణం. సంచులు కట్టే రోజు పశువుల సాల దగ్గర కూర్చోవద్దు.

గడ్డి శుభ్రంగా ఉండి, విత్తనపు గింజల చుట్టూ మాత్రమే పచ్చబడితే అప్పుడు విత్తనాన్ని అనుమానించండి. ఎండలో బస్సు టాపు మీదో, బండి డిక్కీలోనో వేడెక్కి చచ్చిన విత్తనం పైకి తెల్లగానే ఉంటుంది. ఉడికించి ఆర్చిన గడ్డి మీద పది గింజలు వేసి కవరులో కట్టి నీడన ఉంచండి. మూడు నాలుగు రోజులకు గింజల నుంచి కొత్త తెల్లదారాలు గడ్డి మీదికి పాకితే విత్తనం బతికే ఉంది.

పొరలతో సంబంధం లేకుండా సంచి నిండా అక్కడక్కడ చుక్కలు లేచాయా? అయితే గడ్డిదే తప్పు. డ్రమ్ములో నీరు 80 డిగ్రీలకు వచ్చాక గంటసేపు ఉంచారా అన్నది మొదటి ప్రశ్న. పొయ్యి వెలిగించినప్పటి నుంచి కాదు, 80 దాటినప్పటి నుంచి గంట. గడ్డి మీద రాయి బరువు పెట్టారా? పెట్టకపోతే పైన తేలిన గడ్డి ఉడకదు. ఇవన్నీ సరిగానే చేసినా బూజు వస్తోందంటే కింది సంగతి చదవండి.

ఎండినట్టు కనిపించే తడిసిన గడ్డి

మన దగ్గర వరి కోతల కాలం, తుపానుల కాలం రెండూ ఇంచుమించు కలిసే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు అల్పపీడనం పట్టినా పనల మీదో, కళ్ళంలో కుప్ప మీదో వాన పడుతుంది. నాలుగు ఎండలు కాశాక పైగడ్డి మళ్ళీ బంగారు రంగుకు వస్తుంది. దాన్నే వాములో వేస్తారు, జనవరిలో తీసి నరుకుతారు. అది ఒకసారి తడిసిందన్న మాట అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

తడిసిన ఆ వారంలోనే బూజు గడ్డిలో కాపురం పెట్టేసింది. వేడినీళ్ళు దాన్ని తగ్గిస్తాయి తప్ప పూర్తిగా తుడిచిపెట్టవు. 80 డిగ్రీల నీరు చేసే పని అంతవరకే. పైగా సగం కుళ్ళిన గడ్డి మెత్తబడి ఎక్కువ నీరు పట్టి, సంచిలో అణిగిపోయి గాలి ఆడనివ్వదు. పుట్టగొడుగు దారం మెల్లగా పాకుతుంటే బూజు ముందు పరుగెడుతుంది. ఇక మీరు ఎంత మంచి విత్తనం తెచ్చినా ఆ పందెం ఓడిపోయేదే.

కనిపెట్టడం ఎలా? వాము పైనున్న గడ్డి చూసి ఏమీ చెప్పలేం. చెయ్యి లోపలికంటా పెట్టి నడిమి కట్టలోంచి గుప్పెడు లాగండి. కణుపులు చూడండి: మంచి గడ్డి కణుపు పసుపుపచ్చగా నున్నగా ఉంటుంది, తడిసినదాని కణుపు చుట్టూ బూడిదరంగు, నల్లటి మరకలు ఉంటాయి. పరక మెలితిప్పితే మంచిది వంగి నార లేస్తుంది, కుళ్ళినది పుటుక్కున తెగుతుంది. తెల్లటి గుడ్డ మీద దులపండి. బూడిదలాంటి సన్నటి గుండ రాలి, ముక్కిన వాసన వస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు. వంశధార, నాగావళి గట్టు పొలాల్లో వరద తాకిన గడ్డి అయితే ఆకు తొడుగుల్లో ఒండ్రు కూడా ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

ఇంకా అనుమానంగా ఉంటే ఖాళీ సంచి కట్టండి. ఉడికించిన గడ్డినే, అదే తేమతో, విత్తనం వేయకుండా ఒక చిన్న కవరులో బిగించి మిగతా సంచుల పక్కనే వేలాడదీయండి. అయిదారు రోజుల్లో ఆ ఖాళీ సంచిలోనూ పచ్చబూజు లేచిందంటే విత్తనానికి దీనితో సంబంధమే లేదు. ప్రతి విడతలో ఇలా ఒకటి కట్టి, మీద తేదీ రాయండి. ఖర్చు గుప్పెడు గడ్డి. గొడవలన్నీ దీంతో తేలిపోతాయి, దయచేసి మానొద్దు.

ముక్కిన గడ్డిని మందుతో బాగుచేయాలని చూడకండి. పశువులకూ వేయకండి, పెంటకుప్పలో వేయండి. అసలు మందు కోతలప్పుడే ఉంది: వాన తగలని మడి గడ్డిని వేరుగా ఉంచి, రాళ్ళ మీద కర్రలు పరిచి నేలకు జానెడు ఎత్తున చిన్న వాము వేసి టార్పాలిను కప్పండి. సంచికి రెండు కిలోల ఎండుగడ్డి, వారానికి పది సంచులు అనుకుంటే ఇరవై వారాలకు నాలుగు క్వింటాళ్ళు చాలు. ఇంటి గడ్డంతా కాపాడక్కర్లేదు, ఈ నాలుగు క్వింటాళ్ళు కాపాడితే చాలు.

ఇప్పటికే బూజు పట్టిన సంచుల సంగతి: మచ్చ బొటనవేలి గోరంత ఉంటే దాని మీద ఉప్పు కప్పి, ఆ సంచి వేరే చోటికి మార్చండి. అరచేయంత అయితే పాకలో విప్పవద్దు. కట్టినదాన్ని కట్టినట్టే బయటికి తీసుకెళ్ళి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. ఆ పచ్చటి గుండ ఒక్కసారి పాకలో లేచిందంటే మిగతా సంచులకూ పాకుతుంది.

మిగతావి

కాడలు సన్నగా పొడుగై, గొడుగు రూపాయి బిళ్ళంత ఉంటే పాకలో గాలి చాలడం లేదు. పొద్దున, సాయంత్రం తడికె తెరవండి. మొగ్గలు ఎండి గోధుమరంగుకు తిరిగితే చెమ్మ తక్కువ. గోడలకు కట్టిన గోనెసంచులు తడపండి, మొగ్గల మీద నీళ్ళు గుమ్మరించకండి. పసుపుపచ్చగా జిగురుగా మారితే నీళ్ళు ఎక్కువ. సిరా కారే నల్లటి పిచ్చి గొడుగులు లేచినా మళ్ళీ పాత గడ్డినే చూడండి. మార్చి దాటాక సంచులు తెల్లబడటం మందగిస్తే అది ఎండల దెబ్బ, అప్పటినుంచి 30-35 డిగ్రీల్లో కాసే పాల పుట్టగొడుగులకు మారండి. వైరస్ అని ఎవరైనా చెబితే దాన్ని చివరికి పెట్టి, ముందు పిడికిలి పిండి చూడండి.