డైపర్ సామాను విడి పౌచ్‌లో పెట్టుకోండి
పసిబిడ్డతో బయటికెళ్లేవాళ్లు పెద్ద బ్యాగంతా గాలించే పని లేకుండా, డైపర్ మార్చే సామాను ఒక చిన్న మడత పౌచ్‌లో విడిగా పెట్టుకోండి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నదే కొనుక్కోండి, తప్పేం లేదు. కానీ లోపలి మ్యాట్ తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమైపోవాలి, నా దృష్టిలో అదే ముఖ్యం. 2-3 గంటలకొక డైపర్ లెక్కేసి, పైన ఇంకో రెండు. వైప్స్, ర్యాష్ క్రీమ్, ఒక జత బట్టలు, వాడినవి వేయడానికి జిప్ కవర్లు.

పాతది విప్పకముందే కొత్త డైపర్ బిడ్డ కింద పరిచేయండి, మ్యాట్ పాడవదు. ఆడపిల్లయితే ముందు నుంచి వెనక్కే తుడవాలి. ఎత్తు మీద పడుకోబెట్టారా, ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండాలి, వైప్ అందుకునేటప్పుడు కూడా.

ఇంటికి రాగానే అయిపోయినవి నింపేయండి. మళ్లీ బయల్దేరే హడావుడిలో గుర్తుండదు.