చిలికా పడవ ఎక్కేముందు: శ్రీకాకుళం జిల్లా ప్రయాణికులకు జాగ్రత్తలు

చలి మొదలయ్యేసరికి ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఒడిశాలోని చిలికా సరస్సు చూడటానికి బయలుదేరుతాయి. జాతీయ రహదారి 16 మీద బరంపురం, ఛత్రపురం దాటితే గంజాం జిల్లాలోని రంభ, ఆ తర్వాత ఖుర్దా జిల్లాలోని బర్కూల్, బాలుగావ్ వస్తాయి. ఇచ్ఛాపురం వారికి ఇది విశాఖపట్నం కన్నా దగ్గర. అలా పొరుగూరి ప్రయాణంలా అనిపించడం వల్లే, సముద్రంలో కలిసే 60 కిలోమీటర్లకు పైగా పొడవున్న నీటి మీదికి వెళ్తున్నామన్న సంగతి చాలామంది మరచిపోతారు.

మొదట కాలం చూసుకోవాలి. దసరా సెలవుల్లో చిలికా వద్దని నా గట్టి అభిప్రాయం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన పలాస సమీపంలో తీరం దాటాయి. ఆ రెండూ దేవీ నవరాత్రుల్లో వచ్చినవే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వలస పక్షులు ఉంటాయి, ఎండ బాధ ఉండదు కనుక అదే అనువైన కాలం. అయినా బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందన్న వార్త వింటే, కళింగపట్నంలోగాని గోపాలపూర్‌లోగాని ప్రమాద హెచ్చరిక ఎగరేశారని తెలిస్తే, గది అద్దె ముందే కట్టినా ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఈదురుగాలులు, పిడుగులు హఠాత్తుగా వస్తాయి.

చిలికాలో అసలు ప్రమాదం లోతు కాదు, గాలి. సరస్సు చాలాచోట్ల నిలువెత్తు లోతుకు మించదు గనుక భయం లేదని ఒడ్డున ఎవరో ఒకరు ధైర్యం చెబుతారు. ఆ మాట నమ్మకూడదు. లోతు తక్కువగా ఉండి, వైశాల్యం ఎక్కువగా ఉన్న నీటి మీద గాలి లేస్తే, అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి చిన్న పడవను పక్కకు తిప్పేస్తాయి. పడిన వారికి అడుగున దొరికేది కాలు దిగబడే బురద, నాచు, అక్కడక్కడ చేపల కోసం కట్టిన వలలు, వెదురు గుంజలు. నీరు మసకగా ఉండటం వల్ల అవి పైకి కనబడవు. బర్కూల్ నుంచి పడవలో వెళ్లే, సరస్సు మధ్య దీవిలోని కాళీజాయి గుడి కథలోనే ఈ హెచ్చరిక ఉంది. అత్తవారింటికి పడవలో వెళ్తున్న జాయి అనే పెళ్లికూతురు గాలివానలో మునిగిపోయిందని, ఆమెనే అక్కడివారు దేవతగా కొలుస్తున్నారని చెబుతారు.

అందువల్ల ఉదయం పూటే పడవ ఎక్కి, గాలి పెరిగేలోగా తిరిగి రేవు చేరేలా చూసుకోవాలి. ఒడిశా పర్యాటక సంస్థ బోటు దొరికితే దానికే మొగ్గు చూపండి. ప్రైవేటు బోటు అయితే ఎంతమందిని ఎక్కిస్తున్నారో అడగండి. బేరం కుదిరాక చివరి నిమిషంలో మరో నలుగురిని ఎక్కించబోతే దిగిపోవడానికి మొహమాటపడవద్దు. కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019 సెప్టెంబరు 15న పర్యాటకుల బోటు మునిగిన ఘోరం తర్వాత లైఫ్ జాకెట్ ఎందుకో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. దాన్ని ఒడిలో పెట్టుకోకుండా తొడుక్కుని, పట్టీలన్నీ బిగించుకోవాలి. పిల్లలకు సరిపడే సైజు లేకపోతే పిల్లలతో ఆ పడవ ఎక్కకూడదు. ఫొటోల కోసం అందరూ ఒకే వైపుకు చేరడం, నడుస్తున్న పడవలో లేచి నిలబడటం ప్రాణం మీదికి తెస్తాయి.

సంక్రాంతికి కాళీజాయి దగ్గర మకర మేళా జరుగుతుంది. మనకు సెలవులు వచ్చేదీ అప్పుడే కనుక రేవులో తొక్కిసలాట, పడవల్లో కిక్కిరిసిన జనం తప్పవు. కనుమ వెళ్లిన వారానికి వెళ్తే అదే గుడిని నెమ్మదిగా చూడవచ్చు.

డాల్ఫిన్లు చూపిస్తామని రంభలోగాని బర్కూల్‌లోగాని ఎవరైనా అంటే ఆశపడి దూరం వెళ్లవద్దు. ఐరావతి డాల్ఫిన్లు ఎక్కువగా కనబడేది పూరీ వైపున్న సాతపడా దగ్గర. దానికి వేరే రోజు కేటాయించుకోవాలి. నలబాణ దీవి పక్షుల అభయారణ్యం. అక్కడ దిగాలని పడవవాళ్లను ఒత్తిడి చేయకూడదు. పక్షులే ముఖ్యమనుకునేవారు టాంగీ సమీపంలోని మంగళాజోడి వెళ్లడం మేలు. అక్కడ ఇంజను లేని పడవలను గెడతో నడుపుతారు.

సరస్సు నీరు ఉప్పగా ఉంటుంది గనుక తాగునీరు వెంట తీసుకెళ్లాలి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలను, సెల్‌ఫోన్లను నీరు చొరని సంచిలో పెట్టుకోండి. ఆపద వస్తే 112కు, అంబులెన్సుకు 108కు ఫోన్ చేయవచ్చు.

రాత్రి ఒంటిగంటకు కారు తీసి తెల్లారేసరికి రంభ చేరాలనుకునే అలవాటు మన వైపు ఉంది. డిసెంబరు, జనవరి మంచులో రహదారి పక్కన ఆగి ఉన్న లారీ దగ్గరికొచ్చేదాకా కనబడదు. ముందురోజు సాయంత్రమే వెళ్లి బరంపురంలోనో రంభలోనో పడుకోవాలి, లేదా బాలుగావ్‌లో ఆగే రైలు చూసుకుని వెళ్లాలి. తిరుగు ప్రయాణంలో డ్రైవరుకు భోజనం తర్వాత కనీసం గంటసేపు విశ్రాంతి ఇచ్చి, చీకటి పడకముందే ఇచ్ఛాపురం దాటేలా బయలుదేరండి.