గ్రాండ్ వ్యాగనీర్‌లో మొరాయించే కార్బురేటర్ మార్చడం

ఇక్కడ చెప్పేది 1984 నుంచి 1991 దాకా వచ్చిన పాత జీప్ గ్రాండ్ వ్యాగనీర్ గురించి. మొదట్లో కొన్నిటికి ఆరు సిలిండర్ల ఇంజిన్ ఉన్నా, ఎక్కువ బళ్లలో ఉన్నది ఏఎంసీ (అమెరికన్ మోటార్స్ కంపెనీ) 360 వీ8, అంటే 5.9 లీటర్ల ఇంజిన్. దాని మీద, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి అందించే రెండు గొంతుల (గాలి దూరే దారుల) మోటార్‌క్రాఫ్ట్ 2150 కార్బురేటర్. వీటిని నడిపేవాళ్లు తరచూ చెప్పే బాధలు మూడు: వేడి మీద ఆపితే మళ్లీ అందుకోదు, సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్ నిలవదు, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం చచ్చి తర్వాత లేస్తుంది. కార్బురేటర్‌ని పట్టి ఉంచేది నాలుగు నట్లే కాబట్టి విప్పడం తేలిక. మార్చాక కూడా బండి అలాగే ఉందంటే, తప్పు దాని చుట్టూ ఉన్నవాటిలో ఉందన్నమాట. అందుకే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి.

ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజిన్ ఆపి ఉండగా గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ కేబుల్ తగిలే లివర్‌ని చేత్తో లాగండి. రెండు గొంతుల్లోనూ పెట్రోల్ వెంటనే సన్నటి ధారలా దూకాలి. ఆలస్యమైనా, ఒకవైపే వచ్చినా యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) పోయినట్టే. దీనికి రిపేర్ కిట్ చాలు, కార్బురేటర్ మార్చనక్కర్లేదు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, బటర్‌ఫ్లైలు (గొంతులో గాలిని అదుపు చేసే పలకలు) తిరిగే షాఫ్ట్ రెండు కొసల దగ్గర క్లీనర్ స్ప్రే కొంచెం కొట్టండి. ఎగ్జాస్ట్ మీద పడితే మంట అంటుకుంటుంది, కాబట్టి రెండు చుక్కలు చాలు, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉండాలి. ఐడ్లింగ్ మారితే షాఫ్ట్ తిరిగే రంధ్రాలు అరిగి గాలి లాగుతున్నాయి. ఇది కిట్‌తో బాగయ్యే జబ్బు కాదు. బుష్‌లు వేయించాలి, లేదా మార్చాలి. షాఫ్ట్‌ని వేళ్లతో పట్టి పైకీ కిందికీ ఆడిస్తే ఆ లూజు చేతికే తెలుస్తుంది.

నల్ల పొగ, పెట్రోల్ వాసన ఉంటే పవర్ వాల్వ్‌ని (లోడు పడినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చేది) అనుమానించండి. అది ఫ్లోట్ గిన్నె (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే చోటు) అడుగున, స్క్రూలతో బిగించిన మూత వెనక ఉంటుంది. మూత విప్పితే లోపల పెట్రోల్ నిలిచి ఉందంటే డయాఫ్రమ్ చిరిగింది. ఇవేవీ కాకపోతే కార్బురేటర్‌ని వదిలేసి డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకు జరిపేది), పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగు ఆవిరిని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), ఎండి పగిలిన రబ్బరు పైపులు చూడండి. అడ్వాన్స్ పైపుని నోటితో పీల్చి నాలుక అడ్డం పెడితే పట్టు నిలవాలి.

మార్చాలని తేలాక ఏది కొనాలి? ఉన్న రకమే కొనండి: బాగుచేసిన 2150, లేదా దానికి ముందు తరం 2100. గిన్నె పక్కన పోతలోనే 1.08, 1.14, 1.21 లాంటి సంఖ్య ఉంటుంది, అది వెంచురీ (గొంతులో సన్నబడే చోటు) వ్యాసం, అంగుళాల్లో. మీ పాతదాని మీద ఉన్న సంఖ్యే కొత్తదాని మీదా ఉండాలి. పై మూత స్క్రూ కింద వేలాడే రేకు బిళ్ల మీది నంబరు రాసి పెట్టుకోండి. కిట్‌లో వచ్చే కాగితంలో ఫ్లోట్ ఎత్తు ఆ నంబరుని బట్టే ఉంటుంది. ఫోర్డ్ కార్ల కోసం చేసిన 2150 తీసుకుంటే లివర్ ఆకారం వేరుగా ఉండొచ్చు, అప్పుడు పాత లివర్‌ని కొత్తదానికి మార్చాల్సి వస్తుంది. నాలుగు గొంతులదానికి మానిఫోల్డే (కార్బురేటర్ కూర్చునే, సిలిండర్లకి మిశ్రమం పంచే భాగం) మార్చాలి. పాత మానిఫోల్డ్ మీద అడాప్టర్‌తో కూర్చోబెడితే ఎత్తు పెరిగి బానెట్‌కి తగలొచ్చు. రోజూ నడిపే బండికి అది అక్కర్లేని ఖర్చని మా అభిప్రాయం. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడ 1975, అంతకు ముందు మోడళ్లకే పొగ పరీక్ష మినహాయింపు. ఈ బళ్లకి పరీక్ష తప్పదు, అనుమతి లేని కార్బురేటర్ కంటికి కనబడితే చాలు, ఫెయిల్ చేస్తారు.

కావలసినవి: అడుగు పేకింగులు, 5/16 అంగుళం పెట్రోల్ పైపు (30ఆర్7 రకం), కొత్త క్లిప్పులు, మూడు ముక్కుల పెట్రోల్ ఫిల్టర్, వాక్యూమ్ పైపు ఓ రెండు గజాలు, అర అంగుళం స్పానర్, టార్క్ రెంచి, వాక్యూమ్ గేజ్.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీయండి. పైపులు ఊడదీసే ముందు ప్రతిదానికీ టేపు చుట్టి నంబరు వేసి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. పెట్రోల్ పైపు కింద గుడ్డ పెట్టి వదులు చేయండి. యాక్సిలరేటర్ కేబుల్, చోక్ (చల్లటి ఇంజిన్‌కి గాలి తగ్గించే పలక) వైరు, ఐడిల్ సాలినాయిడ్ వైరు, గేర్‌బాక్స్ కడ్డీ విప్పి, నాలుగు నట్లూ తీసి నిటారుగా ఎత్తండి. లోపల పెట్రోల్ ఉంటుంది, వంచొద్దు. ఎత్తిన క్షణమే మానిఫోల్డ్ రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క వాషర్ లోపల పడినా అది సిలిండర్‌లోకి చేరుతుంది.

పాత పేకింగుని ప్లాస్టిక్ బ్లేడుతో పూర్తిగా గీకేయండి. కొత్త కార్బురేటర్ అడుగున ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుతురు దూరుతుందేమో చూడండి. ఎవరో అతిగా బిగించి చెవులు వంచిన కార్బురేటర్లే బాగుచేసినవిగా దుకాణాల్లోకి వస్తుంటాయి. వంగిన అడుగు ఎన్ని పేకింగులు వేసినా గాలి లాగుతుంది.

వేడి మీద స్టార్ట్ కాకపోవడం కొత్త కార్బురేటర్‌తో పోదు. ఇంజిన్ ఆపాక కింద మానిఫోల్డ్ వేడి గిన్నెలోకి ఎక్కుతుంది, ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోల్ మరిగి గొంతులోకి కారుతుంది, ఇంజిన్ తడిసిపోతుంది. ఉపాయాలు రెండు. మొదటిది, పావు నుంచి అర అంగుళం మందం ఫినాలిక్ (వేడిని అడ్డుకునే గట్టి ప్లాస్టిక్) స్పేసర్, దాని పైనా కిందా పేకింగులు. స్టడ్లు సరిపోతాయా, ఎయిర్ క్లీనర్ బానెట్‌కి తగులుతుందా, కడ్డీల కోణం మారిందా అని చూసుకోవాలి. రెండోది ఫిల్టర్. మూడు ముక్కుల ఫిల్టర్‌లో ట్యాంకుకి తిరిగి వెళ్లే ముక్కు సరిగ్గా పైకి, గడియారంలో పన్నెండు దగ్గర ఉండాలి. ఆవిరి పైకే పోతుంది కాబట్టి, ముక్కు పక్కకో కిందికో తిరిగి ఉంటే ఆవిరి బుడగలు నేరుగా కార్బురేటర్‌కి చేరతాయి. ఎప్పుడో ఎవరో ఆ ముక్కుని మూసేసి మామూలు ఫిల్టర్ పెట్టిన బళ్లు కనిపిస్తూనే ఉంటాయి. దీన్ని తిరిగి కలపడం ఈ పని మొత్తంలో అతి చవక, అతి ఎక్కువ ఫలితం.

నట్లని ఎదురెదురుగా, విడతలుగా 12 నుంచి 15 పౌండ్-అడుగుల దాకా బిగించండి. చోక్ మీద 12 వోల్టులని గానీ 7 వోల్టులని గానీ రాసి ఉంటే దాన్ని బట్టి కనెక్షన్ ఇవ్వండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడే కరెంటు వచ్చే చోటు నుంచి తీసుకోవాలి, ఇగ్నిషన్ కాయిల్ నుంచి మాత్రం వద్దు, స్పార్క్ బలహీనపడుతుంది.

టార్క్‌ఫ్లైట్ 727 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండి అయితే ఇక్కడ ఆగి నెమ్మదిగా చేయండి. కార్బురేటర్ లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే కడ్డీ కిక్‌డౌన్ (పెడల్ గట్టిగా తొక్కితే కింది గేరుకి దిగడం) కోసమే అనుకుని కొందరు దాన్ని వదిలేస్తారు. ఆ కడ్డీయే యాక్సిలరేటర్‌ని బట్టి గేర్‌బాక్స్ లోపల ఆయిల్ ఒత్తిడిని పెంచుతుంది. అది లేకుండా బరువైన ఈ బండిని నడిపితే ఒత్తిడి చాలక క్లచ్ ప్లేట్లు జారతాయి, కాలిపోతాయి. కార్బురేటర్‌కి పెట్టిన డబ్బు గేర్‌బాక్స్ ఖర్చు ముందు ఏ మూలకీ రాదు. ఇంజిన్ ఆపి ఉండగా ఒకర్ని సీట్లో కూర్చోబెట్టి పెడల్ నేల దాకా తొక్కమనండి. బటర్‌ఫ్లైలు నిటారుగా తెరుచుకోవాలి, అదే క్షణంలో గేర్‌బాక్స్ లివర్ కూడా చివరిదాకా వెనక్కి పోవాలి. వదలగానే రెండూ స్ప్రింగుతో తమంతట తాము తిరిగి రావాలి. ఎక్కడైనా తట్టుకుంటే స్టార్ట్ చేయొద్దు.

ఖాళీ గిన్నె నింపడానికి స్టార్టర్‌ని అదే పనిగా తిప్పకుండా, గిన్నెకి గాలి ఇచ్చే వెంట్ గొట్టంలోంచి ఓ 50 మిల్లీలీటర్ల పెట్రోల్ పోయండి. స్టార్ట్ అయిన వెంటనే పైపు అతుకులన్నీ వేలితో తడిమి చూడండి. గిన్నె పొంగితే ఫ్లోట్ నీడిల్‌లో చెత్త ఉండొచ్చు, పెట్రోల్ పంపు ఒత్తిడీ కొలవండి. ఈ ఇంజిన్‌కి 5 నుంచి 6.5 పీఎస్ఐ ఉండాలి.

పది పదిహేను నిమిషాలు వేడెక్కి చోక్ పలక నిటారుగా నిలిచాక ట్యూనింగ్. ముందు ఇగ్నిషన్ టైమింగ్‌ని బానెట్ కింది స్టిక్కరు ప్రకారం పెట్టండి. మిక్చర్ స్క్రూలు (ఐడ్లింగ్‌లో పెట్రోల్ పాలు సరిచేసేవి) రెండిటినీ మెల్లగా ఆనే దాకా బిగించి (గట్టిగా బిగిస్తే సూది కొస చెడుతుంది) ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పండి. వాక్యూమ్ గేజ్‌ని మానిఫోల్డ్‌కి తగిలించి, ఒక్కో స్క్రూని పావు చుట్టు చొప్పున తిప్పుతూ ముల్లు అత్యధికంగా నిలిచే చోటు పట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపుతుంది. స్క్రూలు తిప్పినా ఐడ్లింగ్ ఏమీ మారకపోతే బటర్‌ఫ్లై ఎక్కువ తెరిచి ఉంది. ఐడిల్ స్పీడ్ స్క్రూ తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక నాలుగు నట్లూ మళ్లీ అదే టార్క్‌కి చూడండి, కొత్త పేకింగు కొంచెం అణుగుతుంది. ఆ తర్వాత ఎండలో ఓ అరగంట నడిపి, ఆపి, ఇరవై నిమిషాలకి స్టార్ట్ చేయండి. అందుకోకపోతే పెడల్‌ని పదేపదే కొట్టకుండా, నేల దాకా నొక్కి పట్టి స్టార్టర్ తిప్పండి. అప్పుడు అందుకుందంటే పెట్రోల్ ఇంకా మరుగుతోంది: స్పేసర్, ఫిల్టర్ ముక్కు, ట్యాంకుకి తిరిగి వెళ్లే పైపు ఈ మూడూ మళ్లీ చూడాలి.