పండక్కి ఊరొచ్చిన మగాళ్ళు, ఇంటిదగ్గరున్న ఆడవాళ్ళు: ఇద్దరూ కలిసి సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ టెస్టుకెళ్ళడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఊళ్ళల్లో మగాళ్ళు నెలల తరబడి బయటే ఉంటారు. ఉద్దానం నుంచి హైదరాబాద్, చెన్నై, ముంబై, సముద్రం పక్క ఊళ్ళ నుంచి గుజరాత్‌లో వెరావల్ బోట్లకి, రాజాం, చీపురుపల్లి వైపు నుంచి విజయవాడ బిల్డింగ్ పనులకి. సంక్రాంతికో అమ్మవారి సంబరానికో వస్తారు, నాలుగు రోజులుండి మళ్ళీ ట్రైనెక్కేస్తారు. ఆ తర్వాత ఇక్కడ ఆడమనిషికి తెల్లబట్ట, దురద, పొత్తికడుపు నొప్పి మొదలైతే వేడి చేసిందిలే అని సబ్జా నీళ్ళు తాగి గడిపేస్తుంది, ఆశా అడిగినా ఏం లేదమ్మా అనేస్తుంది. ఆ నాలుగు రోజుల్లో ఇద్దరూ కలిసి చెయ్యాల్సిన పనేంటో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ముందు ఏది మామూలు, ఏది కాదు అన్నది తెలియాలి. నెల మధ్యలో నీళ్ళలా జారుగా, వాసన లేకుండా తెల్లబట్ట అవడం మామూలే, దానికి మందు అక్కర్లేదు. రంగు మారినా, పెరుగు విరిగినట్టు ముద్దలుగా పడినా, చెడ్డ వాసనొచ్చినా, ఒంటేలుకి వెళ్తే మంట పుట్టినా, కలిసినప్పుడు నొప్పొచ్చినా చూపించుకోవాలి. మగాళ్ళకైతే చీము కారడం, మంట, గజ్జల్లో బిళ్ళలు కట్టడం, అక్కడ పుండు. ఈ పుండు విషయం బాగా గుర్తుపెట్టుకోండి, సిఫిలిస్ పుండు చాలాసార్లు నొప్పే ఉండదు, కొన్ని వారాలకి దానంతటదే మానిపోతుంది, మానిపోయింది కదా అని మనోడు ధీమాగా ఉంటాడు గానీ జబ్బు రక్తంలో ఉండిపోతుంది, పెళ్ళానికి అంటుతుంది, ఆమె కడుపుతో ఉంటే బిడ్డకీ అంటుతుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమైపోయే జబ్బది.

ఇంకోటి, తెల్లబట్ట అయిందని మొగుడు ఎక్కడో తిరిగొచ్చాడని కాదు, పెళ్ళాం తప్పు చేసిందనీ కాదు. ఎవరితో ఏ సంబంధం లేకపోయినా లోపల ఫంగస్ పెరిగి అలా అవొచ్చు. దీని మీద కొట్టుకున్న ఇళ్ళున్నాయి, దయచేసి టెస్టు కాకముందే ఎవరినీ అనుమానించొద్దు.

ఇక అసలు కష్టమైనది, ఈ మాట ఇంట్లో ఎత్తడం. మందు తాగి ఉన్నప్పుడు వద్దు, అత్తగారి ముందు వద్దు, రాత్రి పక్క మీదికొచ్చాక అసలొద్దు. పగటిపూట పొలం గట్టు మీదో, సంతకి బండి మీద వెళ్తున్నప్పుడో నెమ్మదిగా అనండి. "నువ్వెళ్ళి చూపించుకో" అంటే ఎవడికైనా కోపమొస్తుంది, "ఇద్దరం" అనండి. "మావా, నాకు కొన్నాళ్ళగా బాగోట్లేదు, పండగెళ్ళాక ఓపాలి ఇద్దరం పెద్దాస్పత్రికెళ్ళి రక్తం చూపించుకుందాం" అంటే చాలు. నన్నడిగితే ఈ మాట ముందు మగాడే ఎత్తాలి, ఊరు దాటి వెళ్ళొచ్చినోడు వాడే కాబట్టి. "నాను బయట ఉండొచ్చినోణ్ణి, నీకేటీ రాకూడదు, రేపు ఇద్దరం టెస్టు సేయించుకుందాం, అందాక నిరోధ్ వాడతాను" అన్న మొగుణ్ణి ఏ పెళ్ళామూ చిన్నచూపు చూడదు.

చెప్తే కొడతాడేమో అని భయముంటే మాత్రం చెప్పకండి. ఏఎన్‌ఎం దగ్గరికి బీపీ చూపించుకోడానికనో, నడుం నొప్పనో ఒక్కళ్ళే వెళ్ళి ఆవిడకి విడిగా చెప్పండి. చెయ్యి చేసుకుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ, పోలీసులకి 112కి గానీ ఫోన్ చెయ్యొచ్చు. పెళ్ళయింది కాబట్టి ఏం చేసినా చెల్లుతుందనుకునే మగాళ్ళు ఒకటి తెలుసుకోవాలి, 2005 గృహహింస చట్టంలో భార్యని లైంగికంగా హింసించడం కూడా హింసే. రాకరాక వచ్చాడు, కాదంటే ఏమనుకుంటాడో అని నెలసరిలోనో, ఒళ్ళు నొప్పుల్లోనో పళ్ళు బిగబట్టి ఒప్పుకునే ఆడవాళ్ళు మన దగ్గర చాలామంది, ఇంట్లో పెద్దాళ్ళు కూడా సర్దుకుపొమ్మనే చెప్తారు. ఆమె ఈరోజు వద్దంటే వద్దనే. ఏం మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నా అది ఒప్పుకోవడం కాదు, అడగాలి, ఆమె సరే అనాలి.

ఎక్కడికెళ్ళాలంటే, హెచ్‌ఐవీ టెస్టుకి ప్రభుత్వాస్పత్రిలో ఐసీటీసీ అని ఒక గది ఉంటుంది, సుఖవ్యాధులకి సురక్ష క్లినిక్, రెండూ ఉచితం. ఊరి పీహెచ్‌సీలో తెలిసినోళ్ళు కనబడతారని సిగ్గనిపిస్తే శ్రీకాకుళమో విజయనగరమో పెద్దాస్పత్రికి వెళ్ళిపోండి, ఓపీ చీటీ దగ్గర జబ్బు పేరు గట్టిగా చెప్పక్కర్లేదు, ఐసీటీసీ ఎక్కడని అడిగితే చూపిస్తారు. లోపల కౌన్సెలర్ మీతో ఒంటరిగా మాట్లాడతారు, టెస్టుకి మీరు ఒప్పుకున్నాకే రక్తం తీయిస్తారు. మామూలుగా అదే రోజు రిజల్ట్ చెప్పేస్తారు, అదే రక్తంతో సిఫిలిస్ కూడా చూడమని మీరే అడగండి. మీరు ఒప్పుకోకుండా టెస్టు చెయ్యడం, రిజల్ట్ ఊళ్ళో చెప్పడం కుదరదు, 2017లో దీనికి చట్టమే చేశారు.

టెస్టు టైం కూడా చూసుకోవాలి. వారం కిందట బయట ఎవరితోనైనా నిరోధ్ లేకుండా కలిసుంటే ఇవాళ నెగెటివ్ వచ్చినా నమ్మడానికి లేదు, ఆ రోజు నుంచి 3 నెలలకి ఇంకోసారి చేయించుకోవాలి, అప్పటిదాకా నిరోధ్ వాడాలి. అలా కలిసి 72 గంటలు దాటకపోతే పెద్దాస్పత్రికి పరుగెత్తండి, 28 రోజులు వాడితే హెచ్‌ఐవీ రాకుండా కాపాడే మందులుంటాయి, ఎంత త్వరగా మొదలెడితే అంత మంచిది.

సురక్ష క్లినిక్‌లో మందులు రంగు ప్యాకెట్లలో ఇస్తారు, ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు. ఆమెకిచ్చిన ప్యాకెట్టు ఇద్దరూ పంచుకోకూడదు, డాక్టరు ఇద్దరికీ రాస్తే ఎవరిది వాళ్ళే పూర్తిగా మింగాలి. ఒక్కళ్ళే వాడితే రెండోవాళ్ళ నుంచి మళ్ళీ అంటుకుంటుంది, నాలుగుసార్లు మందులు వాడినా తగ్గట్లేదని వాపోయే ఆడవాళ్ళ ఇళ్ళల్లో చాలావరకు జరిగేది ఇదే. మందు కోర్సు అయ్యేదాకా కలవొద్దు, పండగ రోజులు కదా అని తాగొద్దు, కొన్ని మాత్రలు వాడేటప్పుడు తాగితే పడదు. ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, మెడికల్ షాపులో ఓ ట్యూబు తెచ్చి పూసుకుంటే పైకి తగ్గినట్టుంటుంది, లోపల గర్భసంచి ట్యూబులు పాడై పిల్లలు పుట్టకుండా పోయే ప్రమాదముంది. బస్టాండు గోడల మీద నరాల బలహీనత అని రాసి లాడ్జి రూముల్లో కూర్చునేవాళ్ళ జోలికి పోవద్దు.

నిరోధ్ గురించి గట్టిగా చెప్పాలి. మన దగ్గర ఇద్దరు పిల్లలవగానే ఆడమనిషికి ఆపరేషన్ చేయించేస్తారు, ఇంక నిరోధ్ ఎందుకంటారు. ఆపరేషన్ కడుపు రాకుండా ఆపుతుంది గానీ జబ్బుని ఆపదు. ఆశా దగ్గర ఉచితంగా దొరుకుతాయి, డేట్ చూసుకోండి, పర్సులో వేసుకుని నెలలు తిరిగితే వేడికి పాడైపోతాయి. పళ్ళతో చింపొద్దు, కొస నొక్కిపట్టి గాలి లేకుండా తొడగాలి, అయ్యాక మొదలు దగ్గర పట్టుకుని తియ్యాలి. ఉద్దానంలో ఇంటింటా కొబ్బరినూనె ఉంటుంది, అది రాస్తే రబ్బరు మెత్తబడి చిరిగిపోతుంది, వాజలీన్ కూడా అంతే.

ఒకవేళ హెచ్‌ఐవీ అని తేలితే అది చావు కబురు కాదు. వైరస్‌ని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం జీవితాంతం ఉచితంగా ఇస్తుంది, రోజూ మానకుండా వాడి రక్తపరీక్షలో వైరస్ కనబడనంత తగ్గిపోతే కలిసినా రెండోవాళ్ళకి అంటదు. కడుపుతో ఉన్నామె టైంకి మందులు మొదలెడితే చాలావరకు బిడ్డకి రాకుండా కాపాడొచ్చు.

తిరిగి ట్రైనెక్కే ముందు బ్యాగులో నిరోధ్ ప్యాకెట్లు, డాక్టరు చీటీ పెట్టుకోండి, రెండో టెస్టు ఏ తారీఖో ఇద్దరి ఫోన్లలో రాసుకోండి. ఆ టెస్టుకి ఊరు రానక్కర్లేదు, ఏ రాష్ట్రంలోనైనా ప్రభుత్వాస్పత్రిలో ఐసీటీసీ ఉంటుంది, ఎక్కడో తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే చెప్తారు, డబ్బులు పడవు. ఏఆర్‌టీ వాడేవాళ్ళు వెళ్ళే ముందు సెంటర్‌లో చెప్పి, పనికెళ్ళే ఊళ్ళో మందులు ఇచ్చేలా రాయించుకోండి.