పామో బల్లో మగదని తాకకుండా గుర్తించడం ఎలా?

మగపాముకు గానీ మగబల్లికి గానీ సంభోగాంగం బయటికి కనిపించదు కాబట్టి, చూడవలసిన చోటు ముందుగా తెలుసుకోవాలి. పొట్ట అడుగున, తోక మొదలయ్యే దగ్గర అడ్డంగా ఒక చీలిక ఉంటుంది; మలమూత్ర విసర్జనకూ సంతానోత్పత్తికీ అదే ద్వారం. దాని వెనక, తోక లోపల ఇరుపక్కలా రెండు సంభోగాంగాలు, లోపలికి తిరగేసిన గ్లౌజు వేళ్లలా, ముడుచుకుని ఉంటాయి. జతకట్టేటప్పుడు వాటిలో ఒకదానినే వాడుతుంది. అది ఉబ్బి బయటికి వస్తుంది, తరవాత కండరం దానిని వెనక్కి లాగేస్తుంది. అందులో గొట్టం ఉండదు, శుక్రం దాని మీదున్న గాడి వెంట జారుతుంది. వృషణాలు మాత్రం కడుపులోనే ఉంటాయి.

మొదటి పరిశీలనకు ఇంటి బల్లి చాలు. రాత్రి కిటికీ అద్దానికి అవతలివైపు పురుగుల కోసం అంటుకున్న పెద్ద బల్లిని ఇవతలినుంచి టార్చితో చూడండి. చీలిక వెనక జంట ఉబ్బులు, తొడల అడుగున సన్నని చుక్కల వరుస కనబడితే అది మగది. ఆ భాగం చదునుగా ఉండి, పొట్ట చర్మం గుండా తెల్లటి గుడ్లు కనబడితే ఆడది. తొండకు ఇంత శ్రమ అక్కరలేదు, జతకట్టే కాలంలో మగదాని తల, గొంతు ఎర్రబడతాయి. ఆ ఎరుపును చూసి రాళ్లు రువ్వే పిల్లలను తప్పక వారించాలి.

పాము విషయంలో కుబుసమే మేలు. తోక చిరగకుండా దొరికినదానిని తడిపి పరిచి, చీలికను కప్పే పొలుసు దగ్గరనుంచి కొస దాకా చూడాలి. అంగాలకు లోపల చోటు కావాలి గనుక మగదాని తోక సాధారణంగా పొడవుగా, మొదట్లో లావుగా ఉండి మెల్లగా సన్నబడుతుంది; ఆడదానిది చీలిక దాటగానే సన్నబడుతుంది. ఒకే జాతి కుబుసాలను పక్కపక్కన పెట్టినప్పుడే ఈ తేడా నమ్మదగినది. తోక నొక్కడం, సలాక దూర్చి లోతు చూడడం శిక్షణ పొందినవారి పని. పైగా నాగుపాము, జెర్రిపోతు వంటివాటిని పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

జెర్రిపోతు నాగుపాముకు మగదన్న నమ్మకం మన పల్లెల్లో బలంగా ఉంది. అవి వేర్వేరు జాతులు, రెండింటిలోనూ మగవి, ఆడవి ఉన్నాయి. నెల్లూరు వరిగట్ల మీదైనా కందుకూరు మెట్టచేలలోనైనా రెండు జెర్రిపోతులు పెనవేసుకుని తలలెత్తి ఒకదానినొకటి కిందికి అణచుతుంటే, సయ్యాట అనుకుని గుడ్డ పరచడానికి దగ్గరికి వెళ్లవద్దు: అవి తరచుగా పోరాడుతున్న రెండు మగపాములే. నిజంగా జతకట్టిన పాములు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని, తోకలు కలిపి, చాలాసేపు పెద్దగా కదలకుండా ఉంటాయి.