చిన్న డాబా మీద 40, 80 మీటర్ల బ్యాండ్లకి ఏ యాంటెన్నా వేసుకోవాలి

హైదరాబాద్ లాంటి ఊళ్లో చిన్న డాబా ఉండి 40, 80 మీటర్ల బ్యాండ్లలో, అంటే సుమారు 7, 3.6 మెగాహెర్ట్జ్‌లో, హామ్ రేడియో (సరదాకి నడిపే సొంత రేడియో) మాట్లాడాలనుకుంటే, మోడల్స్ వెతికే ముందు టేపు పట్టుకుని పైకెక్కి డాబాని ఐమూలగా కొలవండి. 30 బై 40 అడుగుల డాబాకి ఐమూల 50 అడుగులు, అంటే 15 మీటర్లు, మనం ఏం చేసినా ఈ 15 మీటర్లలోనే.

ఒక్క బ్యాండ్ చాలనుకుంటే కళ్లు మూసుకుని 40 తీసుకోండి, పగలంతా విజయవాడ, చెన్నై, బెంగళూరు వాళ్లు దొరుకుతారు. డైపోల్ అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు వైపులా లాగే వైరు, దాని పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగించాలి, 7.1కి సుమారు 20 మీటర్లు, అంటే అటు పది ఇటు పది. ట్యాంకు పక్కన పైపు నిలబెట్టి ఇన్వర్టెడ్ వీ లాగా, అంటే తిరగేసిన V ఆకారంలో, 120 డిగ్రీల్లో దింపితే పరుచుకునేది 17 మీటర్లే, ఇంకా మిగిలిన మీటరు చొప్పున చివర్లు పిట్టగోడ వెంబడి పక్కకి తిప్పేయండి, కరెంటు ఎక్కువగా ఉండేది మధ్యలో కాబట్టి చివర్లు వంగినా పెద్దగా పోయేదేం లేదు. కాకపోతే వోల్టేజీ అంతా ఆ చివర్లలోనే ఉంటుంది, బట్టలు ఆరేసేవాళ్ల చెయ్యి అందకూడదు.

80 దగ్గరే అసలు తలనొప్పి, డైపోల్‌కి 40 మీటర్లు కావాలి, మన దగ్గర లేవు. అప్పుడు చాలామంది కింద కాయిల్ పెట్టిన పొట్టి వర్టికల్, అంటే నిలువు కడ్డీ యాంటెన్నా, కొంటారు, నేనైతే వద్దంటాను. 6 మీటర్ల కడ్డీకి 3.6 మెగాహెర్ట్జ్‌లో రేడియేషన్ రెసిస్టెన్స్, అంటే పవర్‌ని తరంగాలుగా బయటికి పంపే వాటా, 2 ఓంలే, వేడిగా వృథా అయ్యే గ్రౌండ్ లాస్ 10 ఓంలు అనుకుంటే 100 వాట్లలో బయటికెళ్లేది 17, కాయిల్ తినేది ఇంకా కలపలేదు. అదే 6 మీటర్లు నిలువుగా ఎక్కించి, పైనుంచి ఇంకో 14 మీటర్ల వైరు ఐమూలగా లాగితే అది ఇన్వర్టెడ్ ఎల్, రెసిస్టెన్స్ 7 ఓంలు దాటుతుంది, అదే గ్రౌండ్‌తో 40 వాట్లకి పైనే వెళ్తాయి. ఖర్చు చూస్తే ఇంటి వైరింగ్‌కి వాడే రాగి వైరు, రెండు వెదురు బొంగులు అంతే. రేడియల్స్, అంటే యాంటెన్నాకి గ్రౌండ్‌గా కింద పరిచే వైర్లు, మాత్రం ఎగ్గొట్టొద్దు, పిట్టగోడ వెంబడి ఎన్ని పడితే అన్ని వైర్లు పరవండి, పొడవులు సమానంగా లేకపోయినా ఫర్వాలేదు.

ఎస్‌డబ్ల్యూఆర్, అంటే రేడియోకి యాంటెన్నా ఎంత బాగా కుదిరిందో చెప్పే మీటర్ రీడింగ్, 1 చూపించిందని మురిసిపోకండి, పవర్‌ని వేడిగా మార్చేసే డమ్మీ లోడ్ కూడా అంతే చూపిస్తుంది. లాస్ ఎక్కువున్న యాంటెన్నాకి ఎస్‌డబ్ల్యూఆర్ బాగుండటం మామూలే, ఆ ఇన్వర్టెడ్ ఎల్‌కి తక్కువ రీడింగ్ వస్తే గ్రౌండ్‌ని అనుమానించాలి.

డాబా కూడా లేదు బాల్కనీయే అంటే మ్యాగ్నెటిక్ లూప్, అంటే కెపాసిటర్‌తో ట్యూన్ చేసే చిన్న రింగు యాంటెన్నా, ఒక దారి, 40లో నడుస్తుంది, 80లో నీరసం. కొన్ని కిలోహెర్ట్జ్ జరిగినా మళ్లీ ట్యూన్ చెయ్యాలి, 100 వాట్లకి కెపాసిటర్ మీద వేల వోల్టులు ఉంటాయి, పిల్లలుంటే ఆలోచించుకోండి.

ఏది వేసినా ఫీడ్ పాయింట్ దగ్గర, అంటే కేబుల్ యాంటెన్నాకి కలిసే చోట, 31 మెటీరియల్ అనే రకం ఫెరైట్ రింగు మీద కోయాక్స్ కేబుల్ పది పన్నెండు చుట్లు చుట్టండి, లేదంటే ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు, లిఫ్టు చేసే గోల కోయాక్స్ పైపొర మీదుగా రిసీవర్‌లోకి వచ్చేస్తుంది. వైరు లెక్కకన్నా అర మీటరు ఎక్కువ ఉంచి, కట్టాక కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ రండి. కరెంటు లైన్ల వైపు మాత్రం అసలు లాగొద్దు, వైరు తెగి పడినా వాటికి తగలనంత దూరం ఉండాలి. ఉరుములు మొదలయ్యేలోపే కోయాక్స్ రేడియో నుంచి పీకి బయట పెట్టెయ్యాలి, సంక్రాంతి అయ్యాక ఒకసారి పైకెళ్లి వైరుకి చుట్టుకున్న మాంజా తీసెయ్యండి.